మణలి, తిరువొత్తియూరు వైపు స్కూళ్ల దగ్గర గాలిలో, మట్టిలో ఏముందో తల్లిదండ్రులు ఎలా తెలుసుకోవాలి?

తీరంగాలి (ప్రశ్న):

నమస్కారం అండీ. మాది నెల్లూరు జిల్లా, చాలా ఏళ్లుగా చెన్నై తిరువొత్తియూరులో ఉంటున్నాం. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ, ఇద్దరిదీ ఒకే స్కూలు, రిఫైనరీ, రసాయన కంపెనీలుండే మణలి వైపు వెళ్లే దారిలో ఉంటుంది. పేరు రాయడం లేదు, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

కొన్ని రోజులు పొద్దున పిల్లల్ని దింపడానికి వెళ్తేనే గ్యాస్ వాసన కొడుతుంది. ఒకసారి కుళ్లిన కోడిగుడ్ల వాసన, ఇంకోసారి పెట్రోలు బంకులో వచ్చే వాసన. తర్వాత చాలా రోజులు ఏమీ ఉండదు, మళ్లీ మొదలవుతుంది. వాసన వచ్చిన రోజు సాయంత్రం పాప తలనొప్పి అంటుంది, బాబుకు రాత్రంతా దగ్గు. డాక్టరు గారు అలర్జీ అని సిరప్ రాశారు. అలర్జీయే కావచ్చు, నేను కాదనడం లేదు, కానీ దేనికి అలర్జీ అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు, పాపం ఆయన మాత్రం ఎలా చెప్తారు.

2023 డిసెంబరులో ఎన్నూరు దగ్గర సముద్రంలో అమ్మోనియా పైపు లీకై అర్ధరాత్రి జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చేశారు, మా చిన్నత్త వాళ్లూ అందులో ఉన్నారు. 2024 అక్టోబరు 25న మా తిరువొత్తియూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలు గొంతు మంట, ఊపిరాడక ఆసుపత్రిలో చేరారు, స్కూలు మూసేసి నవంబరు 4న తెరిస్తే ఆ రోజే మళ్లీ కొందరు పడిపోయారు. అప్పటి నుంచి మా పేరెంట్స్ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. తలా కొంత వేసుకుని గాలి కొలిచే మిషన్ కొందాం అని కొందరు, పిల్లలందరికీ రక్త పరీక్ష చేయించాలని కొందరు, ఊరుకోండి స్కూలు మూసేస్తే పిల్లలెక్కడికి వెళ్తారు అని ఇంకొందరు. ఫోన్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత బాగుందో చెప్పే అంకె, చూస్తే పచ్చరంగులోనే ఉంటుంది, ముక్కు మాత్రం మండుతుంటుంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నేను బీకాం చదివాను, సైన్స్ పెద్దగా రాదు. ఏం కొలవాలి, ఎవరితో కొలిపించాలి, మాలాంటి మామూలు వాళ్లం చేయగలిగింది ఎంత, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

శాంపిల్_సంచి:

తీరంగాలి గారూ, నేను గాలి, నీళ్ల నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. ముందు ఒక మాట, మిషన్ కొందాం అంటున్న వాళ్లను ఇప్పటికి ఆపండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మిషన్లు ఎక్కువగా దుమ్మును, అంటే పీఎం 2.5ను కొలుస్తాయి, అదీ చెన్నై లాంటి తేమ ఊళ్లో తెల్లవారుజామున ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. "టీవీఓసీ" అని, గాలిలోని ఆవిరి రసాయనాలన్నిటికీ కలిపి ఒక అంకె చూపించేవి ఉన్నాయి, వాటికి పెట్రోలులో ఉండే బెంజీన్‌కూ క్లాసులో తుడిచిన ఫినాయిల్‌కూ తేడా తెలియదు. ఆ అంకె పట్టుకుని పొల్యూషన్ బోర్డు దగ్గరికి వెళ్తే ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు, ఆ తర్వాత మీరు నిజమైన రిపోర్టు తెచ్చినా వినరు.

ఏక్యూఐ సంగతి. మన దేశపు ఏక్యూఐ ఎనిమిదింటిని చూస్తుంది: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. బెంజీన్ అందులో లేదు, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా లేదు. పైగా ఆ ఎనిమిదింటిలో చాలావాటికి 24 గంటల సగటు తీస్తారు, పొద్దున ఎనిమిదింటికి అరగంట పాటు వచ్చి పోయిన గ్యాస్ ఆ సగటులో కనబడకుండా పోతుంది. కాబట్టి మీ ముక్కు మంట, ఫోన్‌లో పచ్చరంగు, రెండూ నిజమే.

అయితే ముక్కును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది, అపాయం లేని మోతాదులోనే కడుపులో తిప్పుతుంది, మరీ ఎక్కువైతే మాత్రం ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. బెంజీన్ దీనికి ఎదురు. మన దేశంలో బెంజీన్‌కు ఏడాది సగటు ప్రమాణం ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు, దానికి వందల రెట్లు ఉంటే గానీ మనిషికి వాసన రాదు. అంటే వాసన లేని రోజు కూడా గాలి బాగుందని చెప్పలేం. ఈ విషయం మీ గ్రూపులో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

మరి మొదలెక్కడ? ఒక నోట్‌బుక్‌తో. తేదీ, టైము, ఎక్కడ నిలబడ్డారు, ఎలాంటి వాసన, ఎంతసేపు ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది. పిల్లల బాధలు వేరే పేజీలో, వేరే మనిషి రాస్తే ఇంకా మంచిది, ఎందుకంటే వాసన వచ్చిందని తెలిసిన తల్లి "తలనొప్పిగా ఉందా" అని అడుగుతుంది, వాసన లేని రోజు అడగదు. గాలి దిక్కు చాలా ముఖ్యం. మన తీరంలో మామూలుగా రాత్రి నుంచి పొద్దున దాకా నేల మీది గాలి పడమర నుంచి వస్తుంది, మీకు పడమర అంటే మణలి కంపెనీల వైపు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక అదంతా మాధవరం వైపు తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి, అప్పుడు ఎన్నూరు వైపుది మీ మీదికి రావచ్చు. టెర్రస్ మీద ఒక గుడ్డ పీలిక కట్టినా దిక్కు తెలుస్తుంది.

నోట్‌బుక్ కొన్ని వారాలు నిండాక, కేంద్ర పొల్యూషన్ బోర్డు వెబ్‌సైట్‌లో గంటగంటకూ రీడింగులు ఉచితంగా దొరుకుతాయి, అవి తీయండి. ఉత్తర చెన్నైలో మణలి, మణలి విలేజ్, ఎన్నూరు గాంధీనగర్, కొడుంగయ్యూర్, రాయపురం స్టేషన్లు ఉన్నాయి. బెంజీన్, టోలీన్, సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా, గాలి దిక్కు, వేగం వేరువేరు కాలమ్స్‌లో వస్తాయి, స్టేషన్‌ని బట్టి కొన్ని ఉండకపోవచ్చు. మీరు వాసన రాసుకున్న గంటల పక్కన ఆ అంకెలు పెట్టండి. ఖాళీగా ఉన్న గంటలను కూడా రాసుకోండి, మిషన్ సరిగ్గా గ్యాస్ వచ్చిన గంటల్లోనే పనిచేయకపోతే అదీ అడగాల్సిన ప్రశ్నే.

ఇది చేశాకే టెస్ట్. దేనికి టెస్ట్ చేయాలో అప్పటికి మీకే తెలుస్తుంది, ఊరికే "అన్నీ చూడండి" అని ల్యాబ్‌కు వెళ్తే వేలకు వేలు అవుతాయి, చివరికి చేతిలో ఏమీ మిగలదు.

షిఫ్ట్_బి:

నేను మణలిలోనే ఒక ప్లాంటులో పనిచేస్తాను, నా ఇద్దరు పిల్లలూ ఈ ఏరియాలోనే చదువుతున్నారు, కాబట్టి కంపెనీ మనిషినని నన్ను పక్కన పెట్టేయకండి. పైన చెప్పినదంతా సరే. కానీ మీ నోట్‌బుక్‌లో కంపెనీలు కాకుండా ఇంకొన్ని కూడా రాయాలి.

కుళ్లిన గుడ్ల వాసన బకింగ్‌హామ్ కాలువ నుంచి కూడా వస్తుంది, మురుగు నిలిచిపోయి ఎండ కాస్తే అదే గ్యాస్ పుడుతుంది. హార్బర్‌కు వెళ్లే కంటైనర్ లారీలు ఇంజిన్ ఆపకుండా స్కూలు గేటు ముందే గంటలు నిలబడతాయి, ఆ డీజిల్ పొగలో కూడా బెంజీన్ ఉంటుంది. చెత్త తగలబెట్టేవాళ్లు సరేసరి. అన్నీ రిఫైనరీ మీద తోసేస్తే అసలు దోషి తప్పించుకుంటాడు.

అలాగని మా వైపు ఏమీ లేదని అనను. 2009లో కేంద్ర బోర్డు తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా చేసినప్పుడు మణలి అందులో ఉంది, అది ఊరికే పెట్టలేదు. ప్లాంటు ఆపి మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు, కరెంటు పోయినప్పుడు ఫ్లేర్, అంటే మిగులు గ్యాస్‌ను కాల్చే పొడవాటి గొట్టం పైన మంట, పెద్దగా మండుతుంది, మామూలు రోజుల కంటే ఆ గంటల్లో ఎక్కువ బయటికి వస్తుంది. మీకు ఫ్లేర్ కనిపిస్తే టైముతో సహా ఫోటో తీసి పెట్టుకోండి. షట్‌డౌన్ తేదీలు ముందే స్కూళ్లకు చెప్పమని అడగడం తప్పు కాదు, నా ఉద్దేశంలో ఇది అన్నిటికంటే తేలిగ్గా సాధించగలిగే కోరిక. ఎవరి ఉద్యోగమూ పోదు.

నర్సు_అక్క:

రక్త పరీక్ష గురించి మాత్రం నేను చెప్తాను, పిల్లల వార్డులో చాలా కాలం చేశాను.

అమ్మా, అందరు పిల్లలకీ రక్తం తీయించాలనే తొందర వద్దు. బెంజీన్ లాంటివి ఒంట్లో ఎంతోసేపు ఉండవు, పీల్చిన కొన్ని గంటల్లో విరిగిపోయి మూత్రంలో పోతాయి. వాసన వచ్చి వారం దాటాక రక్తం తీస్తే "నార్మల్" అని వస్తుంది, అది చూపించి అందరూ మిమ్మల్ని నోరు మూయిస్తారు. సీసం సంగతి వేరు. అది ఎముకల్లో ఏళ్ల తరబడి ఉంటుంది, రక్త పరీక్షలో తెలుస్తుంది, దానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. మన చెన్నైలోనే 3 నుంచి 7 ఏళ్ల పిల్లలు 750 మందికి పైగా రక్తం చూశారు, 2009లో అచ్చయింది. సగటున 11 మైక్రోగ్రాములకు పైనే ఉంది, సీసం ఎక్కువగా ఉన్న పిల్లల్లో కుదురు లేకపోవడం, ఆందోళన లాంటివి ఎక్కువని టీచర్లు ఇచ్చిన మార్కులను బట్టి తేలింది. సీసం కలిపిన పెట్రోలు 2000లో పూర్తిగా ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు తగ్గి ఉండాలి, కానీ పాత బ్యాటరీలు కరిగించే షెడ్లు, పాత పెయింట్లు, కొన్ని పసుపు పొడులు ఇంకా ఉన్నాయి కదా.

మీ స్కూలు చుట్టుపక్కల బ్యాటరీ పని, స్క్రాప్ కరిగించే పని ఉంటేనే సీసం పరీక్ష గురించి ఆలోచించండి. చేయిస్తే వేలి కొసన గుచ్చి తీసింది సరిపోదు, చేతి మీద దుమ్ములో సీసం ఉంటే అదే రిపోర్టులో కనిపిస్తుంది, ఎక్కువ వస్తే నరం నుంచి తీసి మళ్లీ చూడాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి, పిల్లల పేర్లు గ్రూపులో తిరగకూడదు, ఒక పిల్లకు ఎక్కువ వచ్చిందని తెలిస్తే పక్కన కూర్చోనివ్వరు. పోరూరులోని శ్రీరామచంద్ర వైద్య విశ్వవిద్యాలయంలో పర్యావరణ ఆరోగ్య విభాగం ఉంది, మీరే ఏదో క్యాంపు పెట్టించడం కంటే అలాంటి చోట అడగడం మేలు, వాళ్లకు ఎథిక్స్ కమిటీ ఉంటుంది.

యూట్యూబ్‌లో "ఒంట్లో లోహాలు తీసేసే" పొడులు అమ్ముతున్నారు, వాటి జోలికి అస్సలు వెళ్లకండి. పిల్లకు రక్తం తక్కువగా ఉంటే పేగులు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటాయి, ముందు ఐరన్, కాల్షియం చూసుకోండి. బడి నుంచి రాగానే చేతులు కడిగించండి, బయటి చెప్పులు లోపలికి తేకండి, చీపురు బదులు తడి గుడ్డతో తుడవండి.

తీరంగాలి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీకందరికీ చాలా థ్యాంక్స్ అండీ. షిఫ్ట్_బి అన్నయ్యా, కాలువ సంగతి నాకు తట్టనే లేదు, స్కూలు వెనకే ఉంది కాలువ.

నర్సు అక్కా, మీరు బ్యాటరీ షెడ్ అనగానే గుండె జారింది. స్కూలు ఆటస్థలం గోడకు అటువైపు రేకుల షెడ్డు ఒకటి ఉంది, పాత బ్యాటరీలు ఆటోల్లో దిగుతాయి, రాత్రిపూట పొగ వస్తుందని ఆ వీధి వాళ్లు చెప్తారు. పిల్లలు ఆడేది ఆ గోడ పక్కనే, మట్టిలో. మా వాడు ఇంకా వేళ్లు నోట్లో పెట్టుకుంటాడు. మేమంతా గాలి గాలి అని కొట్టుకుంటుంటే ఈ మట్టి సంగతి ఎవరికీ గుర్తు లేదు. మట్టి ఎలా చూపించాలి? హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడాను, ఆవిడ మంచావిడే, కానీ రిపోర్టులో ఏదైనా వస్తే మేనేజ్‌మెంట్ ఏమంటుందో అని జంకుతున్నారు.

శాంపిల్_సంచి:

అలా అయితే నేను వరస మారుస్తాను. మట్టి ముందు. గాలి గంటకోసారి మారుతుంది, సీసం పడిన మట్టి ఎక్కడికీ పోదు, ఒక్కసారి సరిగ్గా తీస్తే జవాబు వచ్చేస్తుంది, ఖర్చు కూడా గాలి పరీక్షతో పోలిస్తే తక్కువ.

పిల్లలు ఆడే చోట పైపైన రెండు సెంటీమీటర్ల లోతు మట్టి చాలు, లోతుగా తవ్వకండి, పిల్లల చేతికి అంటేది పైదే. గోడ పక్క నుంచి అయిదారు చోట్ల కొంచెం కొంచెం తీసి కలపండి, అది ఒక నమూనా. ఆటస్థలం మధ్య నుంచి ఒకటి, గేటు దగ్గర ఒకటి, దూరంగా ఇంకో వీధిలోని పార్కు నుంచి ఒకటి. ఈ చివరిది వద్దనుకోకండి, పోల్చడానికి ఏమీ లేకపోతే అంకెకు అర్థం ఉండదు. స్టీలు గరిటె లేదా ప్లాస్టిక్ చెంచా, కొత్త జిప్ కవర్లు, ప్రతి కవరు మీద చోటు, తేదీ, తీసినవాళ్ల సంతకం, తీస్తున్నప్పుడు ఫోటో. పిల్లలు ఆడే మట్టికి అమెరికా పర్యావరణ సంస్థ ఎన్నో ఏళ్లు కిలోకు 400 మిల్లీగ్రాముల సీసం అనే గీత పెట్టుకుంది, 2024లో దాన్ని 200కు తగ్గించింది. గోడ పక్కన వెయ్యి వచ్చి పార్కులో ముప్పై వస్తే ఇంకెవరూ వాదించాల్సిన పని ఉండదు. క్లాసు కిటికీలకు పాత పెయింటు పెచ్చులూడుతుంటే అదీ ఒక కవర్లో వేయండి. కొత్త పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసినది ఎలాంటిదో చెప్పలేం. తాగే నీళ్లు బోరువైతే సీసం (లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు), మొత్తం క్రోమియం (0.05) కూడా చూపించండి.

ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న మర్చిపోకండి: మీ మిషన్ కనీసం ఎంత ఉంటే కనిపెడుతుంది? నేను కళ్లారా చూశాను, నీళ్లలో ప్రమాణం 0.01 ఉంటే 0.05 కంటే తక్కువ కనిపెట్టలేని పద్ధతిలో పరీక్ష చేసి "కనిపించలేదు" అని రాసి ఇచ్చేస్తారు, తల్లిదండ్రులు అది చూసి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. అది అబద్ధం కాదు, కానీ జవాబూ కాదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అనడంతో ఆగకుండా, ఆ గుర్తింపు ఈ ఫలానా పరీక్షకు ఉందా అని అడగాలి. జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది.

గాలి విషయానికొస్తే రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి, కలపకండి. ఏడాది పొడుగునా పిల్లలు పీలుస్తున్నది ఎంత అన్నది ఒకటి. దానికి వేలాడదీసే చిన్న గొట్టాలుంటాయి, కరెంటు అక్కర్లేదు, ఒకే సమయంలో స్కూల్లోనూ, పోల్చే చోటా రెండు వారాలు ఉంచి ల్యాబ్‌కు పంపుతారు. అమెరికాలో 2015 రూలు ప్రకారం రిఫైనరీల ప్రహరీ చుట్టూ ఇవే కడతారు, బెంజీన్ ఏడాది సగటు 9 మైక్రోగ్రాములు దాటితే కంపెనీ కారణం వెతికి సరిచేయాలి. ఇక వాసన కొట్టిన ఆ పది నిమిషాల్లో ఏముంది అన్నది రెండోది. దానికి అప్పటికప్పుడు గాలి సంచిలో పట్టాలి. 1990లలో కాలిఫోర్నియాలో రిఫైనరీల పక్కన ఉండేవాళ్లు ప్లాస్టిక్ బకెట్టులో ప్రత్యేకమైన సంచి పెట్టి తామే గాలి పట్టడం మొదలుపెట్టారు, మన తమిళనాడులోనే కడలూరు సిప్‌కాట్ (ప్రభుత్వ పారిశ్రామికవాడ) పక్క ఊళ్ల వాళ్లు 2004లో అదే పద్ధతిలో గాలి పట్టి పరీక్షకు పంపారు, చదువు తక్కువున్న వాళ్లు, చేపలు పట్టేవాళ్లు. అందుకే బీకాం అని వెనకాడకండి.

స్కూళ్ల దగ్గర కొలవడం గురించి ఇంకో సంగతి. 2008లో ఒక అమెరికా పత్రిక దేశంలోని బడుల చుట్టూ గాలి గురించి పెద్ద కథనం వేశాక, 2009లో అక్కడి పర్యావరణ సంస్థ 60కి పైగా బడుల దగ్గర మిషన్లు పెట్టింది. 24 గంటల చొప్పున కనీసం పది నమూనాలు, పక్కనే గాలి దిక్కు కొలిచే పరికరం. చాలా చోట్ల భయపడినంత లేదని తేలింది, ఒహాయోలో కొన్ని చోట్ల మాంగనీస్ ఎక్కువని ఇంకా కొలిచారు. ఎక్రోలీన్ అనే రసాయనాన్ని మాత్రం కొలిచే పద్ధతి మీదే నమ్మకం లేదని ఆ అంకెలను లెక్కలోకి తీసుకోలేదు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్న వాళ్లే ఆ మాట పైకి చెప్పారు. మీ హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇది చెప్పండి, కొలిచిన చోటల్లా స్కూలు మూతపడదు, "ఇక్కడ పర్వాలేదు" అని రాసి ఉన్న కాగితం కూడా వాళ్లకు పనికొస్తుంది.

కొడుంగయ్యూర్_టీచర్:

నేను కార్పొరేషన్ స్కూల్లో పనిచేస్తాను, మా పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగే. చెత్త డంపు తగలబడిన రోజు క్లాసులో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, ప్లాస్టిక్ కాలిన పొగ కిటికీలు మూసినా ఆగదు.

ఎవరూ వాడుకోని ఒక ఆధారం స్కూల్లోనే ఉంది, హాజరు పట్టీ. పిల్లల పేర్లు తీసేసి, రోజుకు ఎంతమంది రాలేదు, మధ్యలో ఎంతమంది ఒంట్లో బాగోలేక ఇంటికి వెళ్లారు అన్నది వరసగా రాయండి. ఇది ఎవరో వాసన గురించి అడిగి రాయించింది కాదు, అప్పటికే ఉన్న రికార్డు, అందుకే దానికి విలువ. పండగలు, పరీక్షలు, వైరల్ జ్వరాల సీజన్ పక్కన గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే పొంగల్ సెలవులకు ముందు రోజు కూడా గ్యాస్ లీకులా కనిపిస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే "మా ఏరియాలో కాలుష్యం ఎంత" అని అడిగితే ఏమీ రాదు. ఫలానా సర్వే నంబరులోని ఆ బ్యాటరీ షెడ్డుకు కన్సెంట్ ఆర్డరు, అంటే పొల్యూషన్ బోర్డు అనుమతి ఉందా, ఉంటే కాపీ ఇవ్వండి, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ రిపోర్టు ఇవ్వండి, ఇలా కాగితాన్ని అడగాలి, అభిప్రాయాన్ని అడగకూడదు. మీ పక్కన ప్రభుత్వ స్కూలు ఉంటే దాని ఎస్‌ఎంసీని (స్కూలు నిర్వహణ కమిటీ) కలుపుకోండి, వాళ్లు తీర్మానం చేస్తే అది రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఒక్క ప్రైవేటు స్కూలు పేరెంట్స్ అరిస్తే అడ్మిషన్ల గొడవ అంటారు, నాలుగు స్కూళ్లు కలిసి అడిగితే అలా అనలేరు.

గోపాలపట్నం_నుంచి:

మాది విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ప్లాస్టిక్ కంపెనీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు మా బంధువులు అక్కడే ఉన్నారు, 12 మంది చనిపోయారు. అందుకే మీరంతా రోజూ పీల్చే గాలి గురించి రాస్తుంటే నాకు ఒక్క రోజులో జరిగేది గుర్తొస్తోంది.

తీరంగాలి గారూ, పరీక్షలు నడుస్తుండగానే స్కూల్‌ను ఇది అడగండి: గ్యాస్ వస్తే ఏం చేస్తారు? ఎవరు బెల్ కొడతారు, పిల్లల్ని లోపల ఉంచుతారా, బయటికి తీస్తారా, ఎటు తీస్తారు? మా దగ్గర ఎవరికీ తెలియదు, గ్యాస్ వస్తున్న వైపే పరుగెత్తినవాళ్లున్నారు. గాలికి అడ్డంగా పక్కకు వెళ్లాలి, గాలి వెంట పోకూడదు, అది కూడా బయటికి వెళ్లడం మంచిదని తెలిసినప్పుడే, లేకపోతే తలుపులు కిటికీలు మూసి, ఫ్యాన్లు, ఏసీ ఆపి లోపలే ఉండాలి. అమ్మోనియా అయితే తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుంటే కొంత ఉపయోగం, అది నీళ్లలో కరుగుతుంది. 2023లో ఎన్నూరులో ఆ అమ్మోనియా పైపు ఉన్న ఎరువుల కంపెనీ గేటు దగ్గర గాలిలో ఘనమీటరుకు 2090 మైక్రోగ్రాముల అమ్మోనియా ఉందని తమిళనాడు పొల్యూషన్ బోర్డే చెప్పింది, 24 గంటల ప్రమాణం 400. పక్కనే బడి ఉండి, అది పగలు జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ప్రమాదకర రసాయనాలు పెద్ద మోతాదులో నిల్వ చేసే కంపెనీ ప్రమాదం వస్తే దెబ్బతినే వాళ్లకు ముందే సమాచారం ఇవ్వాలని 1989 రూల్స్‌లోనే ఉంది. అంటే మీ స్కూలుకు చెప్పాలి. ఏ గ్యాస్, ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి. ఇది వాళ్లు దయతలచి చేసే పని కాదు, రాతపూర్వకంగా అడగండి.

తీరంగాలి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. మట్టి తీయడానికి ఒప్పుకున్నారు, వచ్చే శనివారం ఆవిడ కూడా అక్కడే ఉంటానన్నారు. గోడ పక్కన ఆటలు ఈ రోజు నుంచే ఆపేశారు, రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదని ఆవిడే అన్నారు, నాకు ఏడుపొచ్చేసింది. నోట్‌బుక్‌లో వాసనలు నేను రాస్తాను, పిల్లల బాధలు వేరే అమ్మాయి రాస్తుంది. బ్యాటరీ షెడ్డు గురించి దరఖాస్తు పక్కింటి తమిళ అక్క రాసిపెడతానంది.

ఒక్క సందేహం. వాన పడితే మట్టి తీయొచ్చా? ఇంకోటి, ల్యాబ్‌కు ఏ స్కూలో చెప్పాలా, చెప్పకూడదా?

శాంపిల్_సంచి:

వాన పడుతుండగా వద్దమ్మా, పైమట్టి కొట్టుకుపోయి కలిసిపోతుంది. రెండు మూడు రోజులు ఎండ కాశాక తీయండి. కొద్దిగా తడి ఉన్నా ల్యాబ్‌లో ఆరబెట్టి జల్లెడ పడతారు.

ల్యాబ్‌కు స్కూలు పేరు అక్కర్లేదు. కవర్ల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు వేసి, ఏ నంబరు ఎక్కడిదో మీ దగ్గర ఒక కాగితం, హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర ఒక కాగితం, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు ఉంచుకోండి. ఇందాక చెప్పిన చోటు, సంతకం కూడా కవరు మీద వద్దు, ఈ కాగితం మీదే చాలు. పార్కు మట్టి ఏదో ల్యాబ్‌కు తెలియకూడదు. అలాగే గోడ పక్క మట్టిని రెండు భాగాలు చేసి రెండు వేరే నంబర్లతో పంపండి, రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తే ల్యాబ్ పని బాగుందని అర్థం, చాలా తేడా వస్తే ఆ రిపోర్టును ఎవరికీ చూపించకముందే నాకు ఇక్కడ రాయండి.